మోడెమ్ కలిస్తే మౌస్ ఆగిపోయేది

"పాతకాలం పీసీల్లో మీకు ఎదురైన అంతుచిక్కని సమస్య ఏది? కారణం ఎలా దొరికింది?" అని అడిగారు. నాకైతే 1998లో విజయవాడలో మా అన్నయ్య డీటీపీ షాపులో జరిగిందే గుర్తొస్తుంది.

శుభలేఖలు, కరపత్రాలు చేసే చిన్న షాపు. పెంటియమ్ మెషిన్, 16 ఎంబీ ర్యామ్, విండోస్ 95. ఈమెయిల్ కోసం అన్నయ్య లోపల బిగించే మోడెమ్ కార్డు (ఫోన్ లైన్ మీదుగా ఇంటర్నెట్‌కి కలిపేది) పెట్టించాడు. ఆ రోజు నుంచే టెన్షన్ మొదలైంది. డయల్ చేస్తే గరగరా చప్పుడొచ్చి లైన్ కలిసేది. చేయి మౌస్ మీద వేసేసరికి బాణం ఉన్నచోటే బిగుసుకుపోయేది. రీస్టార్ట్ చేస్తే మళ్లీ మామూలే.

మౌస్‌దే తప్పనుకున్నాం. కింది బంతి తీసి, లోపలి రోలర్లకు పట్టిన మురికి గీకాం. పక్క షాపు మౌస్ తెచ్చి పెట్టాం. వైరస్ అయ్యుంటుందని ఒకరన్నారు. ఒక ఆదివారమంతా కూర్చుని విండోస్ మళ్లీ ఎక్కించాను. సోమవారం పొద్దున డయల్ చేస్తే అదే తంతు.

ఆ రోజే ఒక సంగతి గమనించాను. మౌస్ ఆగినా కీబోర్డు పనిచేస్తోంది! ఆల్ట్, ట్యాబ్ నొక్కితే విండోలు మారుతున్నాయి. అంటే మెషిన్ హ్యాంగ్ కాలేదు. పైగా మోడెమ్ ముట్టుకోని రోజు పొద్దుటి నుంచి రాత్రిదాకా పేజీలు దిద్దినా మౌస్‌కి ఏమీ కాదు. అప్పుడు మోడెమ్ డబ్బాలోని కాగితం తీసి చదివాను. అందులో ఒక పట్టిక ఉంది. కామ్ అంటే మౌస్, మోడెమ్ లాంటివి కలిపే సీరియల్ పోర్టు, ఐఆర్‌క్యూ అంటే అవి ప్రాసెసర్‌ని పిలిచే తీగ నంబరు: కామ్ 1, కామ్ 3 రెండింటికీ ఐఆర్‌క్యూ 4, కామ్ 2, కామ్ 4 రెండింటికీ ఐఆర్‌క్యూ 3. మా మౌస్ తొమ్మిది పిన్నుల సీరియల్ మౌస్, కామ్ 1లో ఉంది. మోడెమ్‌ని కామ్ 3కి జంపర్ (కార్డు పిన్నుల మీద తొడిగే చిన్న క్లిప్పు) పెట్టి బిగించారు.

రెండు వాటాల ఇంటికి ఒకటే కాలింగ్ బెల్ ఉన్నట్టన్నమాట. పోర్టు అడ్రసులు వేరు (3ఎఫ్8, 3ఈ8) కాబట్టి విండోస్‌కి రెండూ విడివిడిగా కనిపిస్తాయి, అనుమానమే రాదు. కానీ "నా దగ్గర డేటా ఉంది, చూడు" అని ప్రాసెసర్‌ని పిలిచే తీగ మాత్రం ఒక్కటే. ఐఎస్ఏ అనే పాత రకం స్లాటులో బిగించే కార్డులు ఆ తీగని సరిగ్గా పంచుకోలేవు. మోడెమ్ దాన్ని పట్టుకుని కూర్చుంటే మౌస్ పిలుపు ప్రాసెసర్‌కి చేరదు. కీబోర్డుకి ఐఆర్‌క్యూ 1 విడిగా ఉంది కాబట్టి అది బతికిపోయింది. 1981 నాటి ఐబీఎం పీసీలో ఇలాంటి తీగలు ఎనిమిదే ఉండేవి, 1984లో ఐబీఎం తర్వాతి మోడల్ ఏటీ వచ్చాక పదిహేనయ్యాయి. అయినా సీరియల్ పోర్టులకు ఆ పాత పంపకమే కొనసాగింది.

మందు పది నిమిషాల పని. బయోస్‌లోకి (మెషిన్ ఆన్ అవగానే వచ్చే సెట్టింగుల్లోకి) వెళ్లి, ఖాళీగా ఉన్న కామ్ 2ని ఆపేశాను. కార్డు మీద జంపర్లు కామ్ 2, ఐఆర్‌క్యూ 3కి మార్చాను. విండోస్‌లో మోడెమ్‌ని తీసేసి మళ్లీ చేర్చాను. డయల్ చేసి, లైన్ కలిశాక మౌస్ కదిపితే బాణం హాయిగా తిరిగింది. అన్నయ్య నవ్వు ఇప్పటికీ కళ్లముందే ఉంది.

మీ దగ్గర అలాంటి పాత మెషిన్ ఉంటే, జంపర్లు పీకే ముందు అవి ఏ పిన్నుల మీద ఉన్నాయో కాగితం మీద బొమ్మ గీసుకోండి. మేమైతే ఏ కార్డుకి ఏ ఐఆర్‌క్యూ ఇచ్చామో రాసి, ఆ చీటీని క్యాబినెట్ మూత లోపలివైపు అంటించాం. తర్వాత సౌండ్ కార్డు కొన్న రోజు మొట్టమొదట ఆ చీటీయే చూశాం.