బీట్‌రూట్ రసం, అడ్డపొగ, నైట్రిక్ ఆక్సైడ్: భయపడవలసింది దేనికి?

మీ అమ్మగారు అడ్డపొగ (చుట్ట నిప్పుకొనను నోట్లో పెట్టుకుని పీల్చడం) తాగుతారనీ, అంగిలి తెల్లబడిందనీ, రక్తపోటుకని ఇస్తున్న బీట్‌రూట్ రసంలోని నైట్రేటు నైట్రిక్ ఆక్సైడ్‌గా మారి క్యాన్సర్ తెస్తుందని ఎవరో భయపెట్టారనీ రాశారు. నేను వైద్యుణ్ణి కాను, పర్లాకిమిడిలో రసాయనశాస్త్రం బోధించి రిటైరైనవాణ్ణి. మా పిన్నికి ఇదే అలవాటుతో అంగిలి క్యాన్సర్ వచ్చినప్పుడు ఆమెను తీసుకుని బరంపురం తిరుగుతూ ఈ సంగతులు కొంత చదువుకున్నాను.

రక్తనాళాల లోపలి పొర ఆర్జినైన్ అనే అమైనో ఆమ్లం నుంచి నైట్రిక్ ఆక్సైడ్ అనే ఈ వాయువును అతిస్వల్పంగా తయారుచేసుకుంటుంది. నాళాలను సడలించే దాని పనిని కనుగొన్నందుకే 1998లో ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకు నోబెల్ బహుమతి వచ్చింది. బీట్‌రూట్‌లోని నైట్రేటు ఈ వాయువుగా మారి నాళాలను సడలించడమే దాని ఉపకారం కూడా.

చుట్ట నిప్పుకొనను నోట్లో పెట్టుకుని ఏళ్ల తరబడి పీల్చేవారి అంగిలిలో మాత్రం ఆ వేడికీ పొగకీ మానని వాపు స్థిరపడుతుంది. అక్కడికి చేరిన రక్షక కణాలు ఐఎన్‌ఓఎస్ అనే మరో ఎంజైముతో ఇదే వాయువును పెద్ద మోతాదులో, ఎడతెరిపి లేకుండా వదులుతాయి. అది సూపర్‌ఆక్సైడ్ అనే చురుకైన ఆక్సిజన్ రూపంతో కలిసి పెరాక్సీనైట్రైట్ అనే హానికర పదార్థం అవుతుంది. డీఎన్‌ఏలోని నాలుగు 'అక్షరాల్లో' ఒకటైన గ్వానిన్‌ను చెడగొట్టేది, ఆ చెడును సరిచేయవలసిన ప్రొటీన్లను కూడా దెబ్బతీసేది ఇదే. నోటి, గొంతు క్యాన్సర్ కణితులను పరీక్షించిన పలు అధ్యయనాల్లో ఐఎన్‌ఓఎస్ ఎక్కువగా కనిపించింది. చిక్కేమిటంటే, మోస్తరు మోతాదులో ఈ వాయువు కొత్త రక్తనాళాలు మొలిపించి కణితిని మేపుతుంది, మరీ ఎక్కువైతే ఆ కణాలనే చంపుతుంది. అందుకే దీన్ని అడ్డుకుంటే చాలునని ఎవరైనా చెబితే నేను నమ్మను.

పైగా పొగాకులోని నైట్రోసమైన్లనే రసాయనాలు ఏ వాపుతోనూ పని లేకుండా నేరుగానే క్యాన్సర్ కలిగిస్తాయి. ఆంధ్రలో 10,169 మంది గ్రామస్థులను పరీక్షించి 1971లో ప్రచురించిన అధ్యయనం అడ్డపొగకూ అంగిలి మార్పులకూ ఉన్న సంబంధాన్ని చూపింది. ఇన్నేళ్ల తరువాత కూడా మా ఊళ్లలో చుట్ట వెలుగుతూనే ఉంది.

పిన్ని అంగిలి మొదట తెల్లబడి, అందులో ఎర్రని చుక్కలు వచ్చాయి. ఊళ్లో చూపిస్తే రెండు నెలలు విటమిన్ మాత్రలిచ్చారు, ఈలోగా అది పుండైంది. మీ అమ్మగారికి బీట్‌రూట్ మాన్పించనక్కరలేదు. చుట్ట మాన్పించి, నోటి వైద్యులకు ఈ వారమే చూపించండి. ఎర్రని మచ్చ గాని, రెండు వారాలకూ మానని పుండు గాని ఉంటే ముక్క తీసి పరీక్ష చేయమని మీరే అడగండి.