108లో పనిచేయాలంటే బీఎస్సీ ఎమర్జెన్సీ కోర్సా, నర్సింగా?

తమ్ముడూ, బైపీసీ అయింది, నీట్‌లో ర్యాంకు రాలేదు, 108లోనే చేయాలనుంది, ఏ డిగ్రీలో చేరాలి అని కదా నువ్వడిగింది. నేను బీజడ్‌సీ (బాటనీ, జువాలజీ, కెమిస్ట్రీ డిగ్రీ) చదివి 108లో ఈఎంటీగా, అంటే బండిలో పేషెంట్‌ను చూసుకునేవాడిగా, అనంతపురం జిల్లాలో కొన్నేళ్లు తిరిగాను, ఇప్పుడు కర్నూలులో ఒక ప్రైవేటు ఆసుపత్రి క్యాజువాలిటీలో ఉన్నా. నన్నడిగితే బీఎస్సీ నర్సింగే.

108కి ఎమర్జెన్సీ డిగ్రీయే ఉండాలని లేదు. మాతోపాటు బీ ఫార్మసీవాళ్లు, జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) వాళ్లు కూడా చేరారు, ట్రైనింగ్ వాళ్లే ఇచ్చారు. చేరడం సరే, పదేళ్లయ్యాక ఏంటి? 12 గంటల డ్యూటీ, స్ట్రెచర్లు మోసి మోసి నడుం నొప్పి, ఇంట్లో రోజూ గొడవ. అప్పుడు మారదామంటే నర్సింగ్ రిజిస్ట్రేషన్ ఉన్నోడికి ప్రభుత్వ స్టాఫ్ నర్సు పోస్టు నుంచి గల్ఫ్ దాకా దారులున్నాయి, నాలాంటోడికి ఆ నోటిఫికేషన్లు పేపర్లో చదువుకోవడానికే.

అలాగని బీఎస్సీ ఎమర్జెన్సీని తీసిపారేయను. డాక్టర్లు, నర్సులు కాని మిగతా వైద్య సిబ్బంది కోసం తెచ్చిన 2021 అలైడ్ హెల్త్ చట్టంలో పారామెడిక్‌ను (అంబులెన్స్‌లో అత్యవసర చికిత్స చేసేవాణ్ని) కూడా చేర్చారు, పైగా రోడ్డు మీద పని నేర్పేది ఆ కోర్సే. గుత్తి దగ్గర 44వ హైవే మీద రాత్రిపూట ఆటో బోల్తాపడిందనుకో, మనం దిగేసరికే జనం చేతులూ కాళ్లూ పట్టి లాగుతుంటారు. వాళ్లను ఆపి, తల కదలకుండా రెండు చేతులతో పట్టుకుని, పైలట్ చేత (మా దగ్గర డ్రైవర్‌ను అలాగే అంటాం) మెడకు కాలర్ వేయించి, ఒంటిని మొత్తం ఒకేసారి తిప్పి బోర్డు మీదికి చేర్చాలి, బండి కదిలాక వాంతి చేసుకుంటే బోర్డుతో సహా పక్కకు తిప్పి, నోట్లోది లాగేసే సక్షన్ పెట్టాలి. నర్సింగ్‌లో ఇదంతా పెద్దగా చేయించరు, ఉద్యోగంలో చేరాకే చేయి తిరుగుతుంది.

రోడ్డు తప్ప ఇంకేదీ వద్దనుకుంటే ఆ కోర్సే తీసుకో, కానీ కాలేజీ బిల్డింగు చూసి ఫీజు కట్టొద్దు. దాని ఆసుపత్రి క్యాజువాలిటీ దగ్గర ఒక సాయంత్రం కూర్చో. యాక్సిడెంట్లు, పురుగుమందు తాగినవాళ్లు, పాము కాట్లు వస్తున్నాయా, ఖాళీ మంచాలేనా? తర్వాత కర్నూలు పెద్దాసుపత్రి క్యాజువాలిటీ కూడా చూసి రా, తేడా నీకే తెలుస్తుంది. యూనివర్సిటీ అనుబంధం, నర్సింగైతే కౌన్సిల్ గుర్తింపు, కాగితం మీద చూపించమను.

బీఎల్ఎస్ (గుండె, ఊపిరి ఆగినప్పుడు చేసే ప్రాథమిక చికిత్స) సర్టిఫికెట్ ఇప్పుడే చేసేయమని కన్సల్టెన్సీలు వెంటపడతాయి. దానికి రెండేళ్లే విలువ, ఫైనలియర్‌లో చేసుకో.