పాత బియ్యం, కొత్త చింతపండు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం వండే పద్ధతి గురించి కాక, వంటకు తెచ్చుకునే సరుకు గురించి ఉండటం నాకెంతో సంతోషం కలిగించింది. అన్నం ముద్దయినా, పచ్చడి పాడైనా వండినవారి చేతిని తప్పుపట్టేవారే గాని, ఆ సరుకు వయసెంత అని అడిగేవారు తక్కువ. కింది ప్రశ్నల్లో చాలావాటికి జవాబు అక్కడే ఉంది.

*కొత్త బస్తా విప్పినప్పటి నుంచి మా ఇంట్లో అన్నం ముద్దవుతోంది. దుకాణదారు మాత్రం ఇవి అసలైన సోనా మసూరి బియ్యమే అంటున్నాడు. బియ్యంలో కల్తీ ఉందా, లేక లోపం నా వంటలోనా?*
— ఒక పాఠకురాలు, తణుకు

రెండూ కాకపోవచ్చునమ్మా. మీ బస్తాలో ఉన్నవి కొత్త బియ్యం అయి ఉంటాయి. మీ ప్రాంతంలో సార్వా పంట నవంబరు, డిసెంబరు నెలల్లో కోతకు వస్తుంది. ఆ ధాన్యాన్ని నిలవ ఉంచకుండా మరపట్టించి అమ్మితే ఎంత మేలు రకమైనా అన్నం మెత్తగానే వస్తుంది. ధాన్యం కనీసం ఆరు నెలలు, వీలైతే ఏడాది నిలవుంటే గింజలోని పిండిపదార్థమూ మాంసకృత్తులూ గట్టిపడి, ఉడికేటప్పుడు నీటిని ఎక్కువగా పీల్చుకుని కూడా గింజ పగలకుండా పొడవు సాగుతుంది. కొత్త గింజ తొందరగా పగిలి గంజిని విడుస్తుంది, ఆ గంజే మెతుకుకు మెతుకును అంటిస్తుంది. సోనా మసూరి అన్న పేరుతో దుకాణాల్లో దొరికేవాటిలో సాంబ మసూరి కూడా తరచుగా ఉంటుంది. అది బాపట్లలో రూపొంది 1986లో విడుదలైన బీపీటీ 5204 రకం, అన్నానికి దానికి వంక పెట్టలేము. అయితే సంచి మీది పేరు రకాన్ని మాత్రమే చెబుతుంది. అవి ఎప్పటి ధాన్యం నుంచి ఆడించిన బియ్యమో మీరే అడగాలి.

అడిగినా నిజం చెప్పరన్న అనుమానం ఉంటే నాలుగు గింజలు పంటి కింద పెట్టి చూడండి. పాత గింజ పటుక్కున విరుగుతుంది, కొత్త గింజ కాస్త నలిగి పంటికి అంటుకుంటుంది. ఇప్పటికే కొన్న బస్తాను మాత్రం తిరిగి ఇవ్వవలసిన పని లేదు. పాత బియ్యానికి గ్లాసుకు రెండు, రెండున్నర గ్లాసుల నీళ్ళు పోసే అలవాటు ఉంటే వీటికి గ్లాసున్నరతో మొదలుపెట్టి చూసుకోండి. కుక్కరు పక్కనపెట్టి, గిన్నెలో ఎక్కువ నీళ్ళతో వండి గంజి వారిస్తే ఇంకా మంచిది, ఆ గంజిలో ఉప్పూ మజ్జిగా కలుపుకుని తాగవచ్చు. పరమాన్నానికీ, పొంగలికీ నేను ఈ కొత్త బియ్యాన్నే ఏరికోరి తెచ్చుకుంటాను, ఎందుకంటే అక్కడ మెతుకు కరిగి పాలతో కలిసిపోవడమే కావాలి. మిగిలిన బస్తాను తడి తగలని చోట మూతిబిగించి వానాకాలం దాకా ఆపగలిగితే అదే బియ్యం మీకు మంచి అన్నమవుతుంది.

*పులిహోర ఎప్పుడు కలిపినా నల్లగా వస్తోంది. పసుపు పెంచితే పసరు వాసన వస్తోంది గాని రంగు మారడం లేదు. ఏం చేయాలి?*
— ఒక పాఠకుడు, ఖమ్మం

పసుపును తగ్గించండి, చింతపండును మార్చండి. చెట్టు నుంచి దిగిన చింతపండు ఎరుపు కలిసిన లేత గోధుమ రంగులో ఉంటుంది. గాలి తగులుతున్నకొద్దీ నెలనెలకూ నల్లబడుతూ పోతుంది. మీ డబ్బాలోది కిందటేడాదిదో, అంతకు ముందుదో అయి ఉంటుంది. చేపల పులుసుకూ, బెల్లం వేసి కాచే తీపి పులుసుకూ ఆ నలుపు అడ్డం కాదు సరికదా, పాత పండులోని ఆ నిండు పులుపు వాటికి అందమే. పులిహోరకూ, ఉగాది పచ్చడికీ మాత్రం కొత్తదే కావాలి.

మా ఇంట్లో ఏటా ఉగాది ముందు వారం చింతపండు పని ఉండేది. పెంకు ఒలిచిన పండును వసారాలో చాప మీద పోసేవారు. అమ్మ చిన్న బండరాయిని ముందు పెట్టుకుని, ఒక్కొక్క తొనను దాని మీద ఉంచి ఇనుప కమ్మీతో మెల్లగా కొట్టేది. పండు చీలి గింజ బయటకు జారేది, వీపున నిలువుగా ఉండే నారను ఒక్క లాగుతో తీసి పక్కన పడేసేది. సాయంత్రానికి ఆమె వేళ్ళ చివర్లు పులుపుకు ముడతలు పడి ఉండేవి. అలా గింజా నారా తీసిన పండును ఒక పొర వేసి, దాని మీద కల్లుప్పు చల్లి, మళ్ళీ పొర వేస్తూ జాడీలోకి గట్టిగా అదిమేవారు. ఉప్పు ఉన్నందువల్ల పురుగు పట్టేది కాదు. ఈనాడు మీరు అంత శ్రమ పడనక్కరలేదు. మార్చి, ఏప్రిల్ నెలల్లో గింజ తీసిన కొత్త చింతపండు రెండు కిలోలు కొని, ఒక కిలో ఉప్పు పొరలతో జాడీలో పెట్టి, పులిహోరకు కావలసిన కిలోను గాలి చొరని డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టుకుంటే ఆ రంగు మరుసటి ఉగాది దాకా దాదాపు అలాగే ఉంటుంది.

*కూరగాయలన్నీ ఫోనులోనే తెప్పించుకుంటున్నాము. మా అత్తయ్యగారు ఇది సోమరితనం అంటున్నారు. మీ అభిప్రాయం?*
— ఒక పాఠకురాలు, హైదరాబాద్

ఉద్యోగం చేసుకుంటూ ఇల్లు నడిపేవారిని సోమరులు అనడం న్యాయం కాదు. కాని మీ అత్తయ్యగారి మాటలో నాకు నచ్చే సంగతి ఒకటి ఉంది. ఉల్లిపాయలు, బంగాళాదుంపలు, కందగడ్డ, కొబ్బరికాయలు ఎవరు ఏరి పంపినా పెద్ద తేడా రాదు. వంకాయ, బెండకాయ, ఆకుకూరలు మాత్రం కంటితో చూసి, చేత్తో పట్టి కొనవలసినవి. వంకాయ తొడిమ పచ్చగా ఉండి, దాని ముళ్ళు వేలికి గుచ్చుకుంటూ, తోలు నిగనిగలాడితే అది నిన్నటి కోత. తొడిమ గోధుమరంగుకు తిరిగి, కాయ వత్తితే లోపలికి పోయి తిరిగి లేవకపోతే, ఎన్ని మసాలాలు కూరినా గుత్తివంకాయ చేదుగానే ఉంటుంది. బెండకాయ కొన విరిచి చూడటం మంచి పరీక్షే, కాని బుట్టలోని కాయలన్నిటి కొనలూ విరిచి వెళ్ళిపోవడం ఆ అమ్మే మనిషికి చేసే అన్యాయం. ఒక్కటి విరవండి, విరిచిన దాన్ని మీ సంచిలోనే వేసుకోండి.

రైతుబజార్లు 1999 జనవరి 26న మొదలయ్యాయి, రైతు నేరుగా తెచ్చి అమ్మాలన్నదే వాటి ఉద్దేశం. వారానికి ఒక్క ఉదయం ఏడు గంటల లోపు అక్కడికి వెళ్ళి ఈ మూడు రకాలూ తెచ్చుకోండి. తక్కినవన్నీ ఫోనులోనే తెప్పించుకోండి.

*ఆవకాయ పెట్టిన రెండు నెలలకే ముక్క మెత్తబడి గుజ్జయిపోతోంది. ఉప్పు, నూనె కొలత ప్రకారమే వేస్తున్నాను.*
— ఒక పాఠకురాలు, విజయనగరం

కాయ ముదురును చూడండి. ఆవకాయకు టెంక గట్టిపడి, కత్తికి ఎదురు తిరిగేంత ముదిరిన పుల్లటి పచ్చికాయ కావాలి. టెంక పట్టని లేత కాయ నీరు కారిపోయి వడలిపోతుంది. లోపల పసుపు తిరిగిన కాయ పైకి ఆకుపచ్చగానే కనిపించవచ్చు, కాని పండటం మొదలైందంటే కండను గట్టిగా పట్టి ఉంచే పెక్టిన్ కరగడం కూడా మొదలైనట్టే, ఆ తరువాత ఎంత ఉప్పు వేసినా ముక్క నిలవదు. బుట్టలోని ఒక కాయను మీ ఎదుటే కోయించి లోపలి రంగు చూడండి. తెల్లగా ఉంటేనే తీసుకోండి. చిన్న రసాలు గాని, కొత్తపల్లి కొబ్బరి గాని నాకు ఇష్టమైనవి.

ఆపైన తడి సంగతి. కాయలను కోయించకముందే కడిగి, పొడిబట్టతో తుడిచి, నీడన ఆరబెట్టాలి. కోయించాక కడగకూడదు, జీడిని తీసి, టెంక లోపలి పలుచని పొరను గీసి, ముక్కలను బట్టతో మరోసారి తుడవాలి. కాయలను కొన్న పూటే కొట్టించి అదే రోజున కలపండి. రాత్రంతా సంచిలో మగ్గిన కాయ తెల్లారేసరికి కొంత పండి ఉంటుంది. మూడోనాడు తిరగకలిపేటప్పుడు ముక్కల పైకి నూనె తేలకపోతే పప్పునూనె మరికొంత పోయడం మరవకండి.

*రాత్రి మిగిలిన అన్నం పొద్దున్నే పెరుగుతో తింటాను. పిల్లలు వద్దంటున్నారు. తప్పా?*
— ఒక పాఠకుడు, నల్లగొండ

తప్పు కాదు, అయితే ఎలా ఉంచారన్నది చూడాలి. సద్ది అన్నం అంటే మూతపెట్టి వదిలేసిన అన్నం కాదు. రాత్రి అన్నం చల్లారగానే గోరువెచ్చని పాలు పోసి, చెంచాడు పెరుగుతో తోడుపెడితే తెల్లారేసరికి అది పులిసి, చల్లగా, కమ్మగా ఉంటుంది. కోస్తాలో తరవాణి పెట్టేవారు కుండలో కలి, అంటే బియ్యం కడుగూ గంజీ, పులియబెట్టి ఆ పులుపుతోనే అన్నాన్ని కాపాడేవారు. ఏ పులుపూ లేకుండా వేసవి రాత్రంతా గిన్నెలో బయట ఉన్న అన్నంలో మాత్రం, ఉడికినా చావని సూక్ష్మజీవి బీజాలు మొలిచి విషాన్ని పుట్టించవచ్చు. మళ్ళీ వేడిచేసినా ఆ విషం పోదు. కాబట్టి తోడు పెట్టనిదైతే వండిన గంట, రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టించండి. తోడు పెట్టినదైతే ఉల్లిపాయ ముక్క, పచ్చిమిరపకాయ పక్కన పెట్టుకుని, పిల్లలకు కూడా ఒక ముద్ద కలిపి ఇవ్వండి.