ఏ పార్టీ మనిషివని అడిగితే?

ప్రశ్న: నేను తిరుపతిలో స్థిరపడిన విశ్రాంత ఉపాధ్యాయుణ్ణి, ఏ పార్టీలోనూ సభ్యుణ్ణి కాను. 2024 సెప్టెంబరులో శ్రీవారి లడ్డూ నెయ్యిలో పాత ప్రభుత్వ హయాంలో జంతువుల కొవ్వు కలిసిందన్న ఆరోపణపై వివాదం రేగినప్పుడు, విచారణ ముగిసేదాకా ఆగుదామని ఉదయపు నడకలో మిత్రులతో అన్నాను. ఒకరు నన్ను పాత ప్రభుత్వపు మనిషినన్నారు. మరొకరు, విచారణ కోరుతున్నానంటే ఆరోపణను నమ్మినట్టేనని నిలదీశారు. అప్పటి నుంచి రాజకీయాల ప్రస్తావన వస్తే నోరు మెదపడం లేదు. ఇది పిరికితనమా?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: ఆనాడు మీరు అన్న మాటలో పిరికితనమేమీ లేదు, ఆ తర్వాత మానేయడంలో కొంత ఉంది. తేదీలు గుర్తు చేసుకోండి. ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ఆరోపణ చేసింది సెప్టెంబరు 18న. సీబీఐ నుంచి ఇద్దరు, రాష్ట్ర పోలీసుల నుంచి ఇద్దరు, ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ నుంచి ఒకరు ఉండే ప్రత్యేక దర్యాప్తు బృందానికి సుప్రీంకోర్టు ఆదేశమిచ్చింది అక్టోబరు 4న. దర్యాప్తు చేయవలసిన వారెవరో తేలకముందే వీధివీధినా తీర్పులు వెలువడ్డాయి. దేవుళ్లనైనా రాజకీయాలకు దూరంగా ఉంచాలని అదే కోర్టు సెప్టెంబరు 30న చెప్పిన హితవును తనకు చెప్పినదిగా తీసుకున్న కార్యకర్త ఒక్కరూ నాకు కనబడలేదు.

మన దగ్గర పార్టీ అభిమానం ఒట్టి అభిప్రాయమే అయితే ఇంత కక్ష ఉండేది కాదు. పింఛను జాబితాలో పేరు, ఇంటి స్థలం, చేసిన పనులకు రావలసిన బిల్లు, రేషన్ డీలరు పని, ఇవన్నీ ప్రభుత్వం మారితే ఏమవుతాయోనన్న బెంగ ఉన్నచోట, ఎదుటివాడు మనవాడా కాదా అని తేల్చుకోవడం పొట్టకూటికి సంబంధించిన వ్యవహారమవుతుంది. పల్లెలో కూలి చేసుకునే మనిషి అలా ఆలోచిస్తే నేను తప్పుపట్టలేను. నెలనెలా పింఛను ఖాతాలో పడే మీ నడక మిత్రులకు మాత్రం ఆ సాకు కూడా లేదు.

మీకు ఒక పార్టీ మీద అభిమానం ఉన్నా దోషం లేదు. ఇదే పని అవతలి పక్షం చేసి ఉంటే ఏమనేవారని మీ మిత్రులను అడుగుతూ ఉండండి, ముందుగా మిమ్మల్ని మీరు ప్రశ్నించుకొని. మళ్లీ తిట్లు తప్పకపోవచ్చు; అయినా నడక మానకండి.

ప్రశ్న: 2024లో పదకొండు మంది గెలిచిన వైఎస్సార్ కాంగ్రెస్, ప్రతిపక్ష హోదా ఇవ్వలేదని శాసనసభకు రాకపోవడం సబబేనా?
– ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: సబబు కాదు. 2021 నవంబరులో ముఖ్యమంత్రిగానే తిరిగి వస్తానని శపథం చేసి సభ నుంచి వెళ్లిపోయిన అప్పటి ప్రతిపక్ష నాయకుడు చంద్రబాబు నిర్ణయమూ, ఆయన పడిన బాధ ఎంత నిజమైనదైనా, నా దృష్టిలో సబబు కాదు. ఆనాడు చప్పట్లు కొట్టినవారు ఈనాడు మండిపడుతున్నారు, ఆనాడు ఎగతాళి చేసినవారు ఈనాడు సమర్థిస్తున్నారు.

అంకెలు ఇంకా ఆసక్తికరం. 2019లో తెలుగుదేశానికి సుమారు 39 శాతం ఓట్లు వస్తే దక్కినవి 23 స్థానాలు. 2024లో వైఎస్సార్ కాంగ్రెస్‌కు కూడా సుమారు 39 శాతమే వస్తే దక్కినవి 11. పాత చిత్తూరు జిల్లానే చూడండి: 14 స్థానాల్లో 2019లో తెలుగుదేశానికి మిగిలింది కుప్పం ఒక్కటి, 2024లో వైఎస్సార్ కాంగ్రెస్‌కు మిగిలినవి పుంగనూరు, తంబళ్లపల్లె. గెలిచినవారు స్థానాలను చూసుకొని ఎదుటి పక్షం ఉనికే లేనట్టు మాట్లాడతారు. కానీ ఓటు వేసిన ప్రతి పదిమందిలో దాదాపు నలుగురు రెండుసార్లూ ఓడినవారి వైపే ఉన్నారు. ఆ నలుగురి తరఫున అడగవలసినవారు సభ బయట విలేకరుల సమావేశాలు పెట్టుకుంటే, బడ్జెట్ పద్దులను నిలదీసేదెవరు?

ప్రతిపక్ష హోదాకు 175 మంది సభలో పదో వంతు, అంటే 18 మంది ఉండాలన్న వాదనను పక్కనపెట్టి పాలకపక్షం హోదా ఇచ్చి ఉంటే హుందాగా ఉండేదని నా అభిప్రాయం. ఇవ్వకపోయినా సభ్యుడి ప్రమాణం సభ్యుడిదే. అనుమతి లేకుండా 60 రోజుల పాటు సమావేశాలకు రానివారి స్థానం ఖాళీ అయినట్టు సభ ప్రకటించవచ్చని రాజ్యాంగం 190వ అధికరణం చెబుతోంది. అంతదాకా పోనక్కరలేదు. మీ శాసనసభ్యులు ఏ పక్షంవారైనా సరే, గత సమావేశాలకు ఎన్ని రోజులు హాజరయ్యారో, ఏ ప్రశ్నలు వేశారో ఉత్తరం రాసి అడగండి.