డాక్టర్ సలహా: రెండు నెలల దగ్గుకు ఆవిరి కాదు, క్రియాటినిన్ పరీక్ష కావాలి

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా కవిటి మండలం. నాన్నగారికి 58 ఏళ్లు, కొబ్బరి తోట పని. బీపీకి మాత్ర వేసుకుంటారు, చుట్ట అలవాటుంది. దీపావళి నుంచి దగ్గు. మెడికల్ షాపులో చెప్పి మూడుసార్లు సెట్టు తెచ్చాం. వేసుకున్నన్నాళ్లు తగ్గుతుంది, మళ్లీ మొదలు. రాత్రి పడుకుంటే ఎక్కువ, లేచి కూర్చుంటే నయం. ఈమధ్య సాయంత్రానికి కాళ్లు కొంచెం ఉబ్బుతున్నాయి. ఆవిరి రోజుకు ఎన్నిసార్లు పట్టాలి? ఫ్లూ టీకా వేయిస్తే ఏటా వచ్చే ఈ దగ్గు ఆగుతుందా? మా మూడేళ్ల పాపకూ రొంప. తాతగారి సిరప్పే కొంచెం పట్టొచ్చా?

జవాబు: ఆవిరి రెండుసార్లు పట్టినా నాలుగుసార్లు పట్టినా ఒకటేనమ్మా. ముక్కు దిబ్బడ కాసేపు వదులుతుంది, అంతకుమించి ఏమీ జరగదు. కాళ్లు ఉబ్బుతున్నాయని మీరు ఒక్క ముక్కలో చెప్పి దాటేశారు చూడండి, నా భయమంతా అక్కడే ఉంది.

చలికాలపు జలుబు వైరస్ వల్ల వస్తుంది. వారం, పది రోజుల్లో పోతుంది. వెనకాల పొడిదగ్గు మూడు వారాల దాకా లాగొచ్చు. అది దాటితే ‘చలికి వచ్చింది’ అనుకోవడానికి వీల్లేదు. మీ నాన్నగారికి రెండు నెలలు దాటింది. బీపీ ఉంది. పడుకుంటే దగ్గు పెరిగి, కూర్చుంటే తగ్గుతోంది. కాళ్లలో నీరు చేరుతోంది. ఇవన్నీ కలిసి ఉంటే గుండె బలహీనపడిందా, లేక కిడ్నీలు నీటిని బయటికి పంపలేక అది ఊపిరితిత్తుల్లో చేరుతోందా అన్నది ముందు తేల్చాలి. మనిషిని చూడకుండా ఫలానా జబ్బని నేను చెప్పను, చెప్పకూడదు కూడా. చుట్ట వల్ల వచ్చే శ్వాసనాళాల జబ్బు కావచ్చు, టీబీ కావచ్చు. ఏదైనా సరే, ఈ వారంలోనే ఫిజీషియన్‌కు చూపించాలి. సంక్రాంతి పనులు అయ్యాక వెళ్దామని ఆగొద్దు.

వాపు నిజమైనదో కాదో ఇంట్లోనే తెలుస్తుంది. చీలమండకు కాస్త పైన, ఎముక మీద బొటనవేలితో పది సెకన్లు గట్టిగా నొక్కి వదలండి. గుంట పడి నిలిచిపోతే అది నీరే. రోజూ పొద్దున్నే, ఏమీ తినకముందు బరువు చూడండి. వారంలో రెండు కిలోలు పెరిగితే అది ఒంటికి పట్టిన కండ కాదు.

మీది కిడ్నీ జబ్బు ఎక్కువగా కనిపించే ఉద్దానం ప్రాంతం కాబట్టి ఒక మాట విడిగా చెప్పాలి. అక్కడి కిడ్నీ జబ్బులో చాలామందికి మూత్రంలో ప్రొటీన్ పెద్దగా పోదు, వాపులు ఆలస్యంగా వస్తాయి. మూత్ర పరీక్ష బాగానే ఉందంటే ఊరుకోకండి, రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు వడకట్టి బయటికి పంపాల్సిన వ్యర్థం) చూడాల్సిందే. 1.4 వచ్చిందనుకోండి, అంకె చిన్నదిగానే కనిపిస్తుంది. 58 ఏళ్ల మగవారిలో అప్పటికే వడపోత (ఈజీఎఫ్ఆర్) 60 దరిదాపులకు దిగినట్టు. దీంతోపాటు పొటాషియం, షుగరు, ఛాతీ ఎక్స్‌రే, ఈసీజీ చేయించండి. ఎకో (గుండె స్కానింగ్) అవసరమా అన్నది చూసిన డాక్టరే చెబుతారు. క్రియాటినిన్ ఎక్కువ వస్తే మీకు పలాసలో కిడ్నీ ఆసుపత్రి ఉంది.

ఇక ఆ సెట్టు. పొట్లంలో ఏముందో మీరు రాయలేదు, మీకూ తెలిసి ఉండదు. స్ట్రిప్ కత్తిరించి కాగితంలో చుట్టి ఇస్తే పేరుండదు, గడువు తేదీ ఉండదు. మామూలుగా ఇలాంటి సెట్టులో నాలుగుంటాయి: ఒక యాంటీబయాటిక్, ఒక జలుబు మాత్ర, ఒక నొప్పుల మాత్ర, ఒక చిన్న తెల్ల బిళ్ల. ఆ తెల్ల బిళ్ల చాలాసార్లు స్టెరాయిడ్ అయి ఉంటుంది, డెక్సామెథసోనో ప్రెడ్నిసోలోనో. రెండో రోజుకే ఆయాసం తగ్గుతుంది, ఆకలేస్తుంది, షాపతను మంచి మందిచ్చాడనిపిస్తుంది. లోపల మాత్రం ఉప్పు, నీరు నిలిచిపోతాయి, బీపీ, షుగరు పెరుగుతాయి. టీబీ గనక ఉంటే అది ముదురుతుంది. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటి నొప్పుల మాత్రలు కిడ్నీకి వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయి. కొన్ని రకాల బీపీ మాత్రలు వేసుకునేవారిలో ఆ దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. జలుబు మాత్రలోని ఫినైలెఫ్రిన్ బీపీని పెంచుతుంది. యాంటీబయాటిక్ లెవోఫ్లాక్సాసిన్ అయితే అది టీబీ క్రిమిని సగం అణచి, పరీక్షలో దొరక్కుండా చేయగలదు. మీ నాన్నగారి కాళ్ల వాపులో ఈ మూడు సెట్ల వాటా కూడా ఉండొచ్చు. ఉద్దానంలో ఉంటూ, కిడ్నీ సంగతి ఊరంతా మాట్లాడుకునే చోట, పేరు తెలియని మాత్రలు మూడు విడతలు ఎలా మింగించారమ్మా?

ఇప్పుడు ఆపేయండి. అయితే ఆ తెల్ల బిళ్ల మూడు వారాలకు మించి వరసగా వాడి ఉంటే మాత్రం ఒక్కసారిగా ఆపకూడదు, వెంటనే డాక్టరును అడగండి. మిగిలిన మాత్రలు, ఖాళీ కవర్లు పారేయకుండా వెంట తీసుకెళ్లండి. జ్వరం వస్తే పారాసెటమాల్ 500 ఒక్కటి, ఆరు గంటల ఎడంతో, రోజుకు నాలుగుకు మించకుండా వేయొచ్చు. సారా, మందు అలవాటుంటే అదీ అడిగే వేయాలి.

బీపీ మాత్ర పేరు చివర ‘ప్రిల్’ ఉందేమో చూడండి: ఎనలాప్రిల్, రామిప్రిల్ లాంటివి. వాటివల్ల కొందరికి గొంతులో గరగరతో నెలల తరబడి పొడిదగ్గు వస్తుంది. అలాగని మీరే మానిపించొద్దు, డాక్టరు మార్చి ఇస్తారు.

దగ్గుకు వేడినీళ్లు ఎక్కువ తాగమని అందరూ చెబుతారు. వాపున్న మనిషికి ఆ సలహా పనికిరాదు. పరీక్షలయ్యే దాకా దాహానికి తగ్గట్టు తాగనివ్వండి. ఎండుచేప, ఊరగాయ, అప్పడాలు పక్కన పెట్టండి. ఉప్పునీళ్లు పుక్కిలించవచ్చు, గ్లాసుకు అర చెంచా ఉప్పు చాలు. మింగకుండా ఉమ్మేయాలి.

రెండు వారాలు దాటిన దగ్గు ఎవరిదైనా టీబీ కోసం కళ్లె పరీక్ష తప్పనిసరి. ప్రభుత్వాసుపత్రిలో ఉచితం. పొద్దున లేవగానే వట్టి నీళ్లతో నోరు కడుక్కుని, రెండు మూడుసార్లు గట్టిగా ఊపిరి పీల్చి, లోపలి నుంచి దగ్గి తీసిన కళ్లె ఇవ్వాలి. ఉమ్మి ఇస్తే ‘టీబీ లేదు’ అని తప్పుడు ధైర్యం వస్తుంది.

నాలుగడుగులకే ఆయాసం, మాట పూర్తి చేయలేకపోవడం, పెదాలు నీలంగా మారడం, ఛాతీ నొప్పి, నురగతోనో రక్తంతోనో కళ్లె, మూత్రం బాగా తగ్గడం, ఆక్సిమీటర్‌లో 94 కంటే తక్కువ: వీటిలో ఏది కనిపించినా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా 108కి ఫోన్ చేయండి. పడుకోబెట్టకండి, దిండ్లు పెట్టి కూర్చోబెట్టండి.

చుట్ట గురించి వేరే చెప్పాలా? మీ వైపు ఆడవాళ్లలో అడ్డపొగ కూడా ఉంది. నిప్పు నోట్లో పెట్టుకుంటే అంగిలికి క్యాన్సర్ భయం అదనం. తలుపులన్నీ మూసి లోపల దోమల చక్రమో, కుంపటో పెట్టుకుని పడుకోవద్దు. నూర్పుల దుమ్ములో, జీడిగింజలు కాల్చే పొగ దగ్గర మాస్కు కట్టుకోవాలి. భోగి మంటలో టైర్లు వేయనివ్వకండి. ఇంట్లో ఒకరికి రొంప ఉంటే తువ్వాలు, గ్లాసు వేరుగా పెట్టి, సబ్బుతో చేతులు కడుక్కుంటే సగం జబ్బులు పక్కవాళ్లకు పాకవు.

పాపకు ఆ సిరప్ ఒక్క చుక్క కూడా వద్దు. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిసిన జలుబు మందులు నాలుగేళ్లలోపు పిల్లలకు వాడకూడదని 2023లోనే ఆదేశాలొచ్చాయి. సీసా మీద కూడా ఉంటుంది, చదవండి. ముక్కులో సెలైన్ చుక్కలు, పడుకునేముందు అర చెంచా తేనె చాలు. ఏడాది నిండని పసివాళ్లకు మాత్రం తేనె పెట్టకూడదు. మరిగే గిన్నె ముందు కూర్చోబెట్టి ఆవిరి పట్టకండి, ఒళ్లు కాలుతుంది. పాప నిద్రలో ఉన్నప్పుడు చొక్కా ఎత్తి, ఒక నిమిషం పూర్తిగా ఊపిరి లెక్కపెట్టండి. ఈ వయసులో 40 దాటినా, డొక్కలెగరేస్తున్నా, పాలూ నీళ్లూ మానేసినా న్యుమోనియా అనుమానించి అదే రోజు పిల్లల డాక్టరుకు చూపించాలి.

టీకా మంచిదే. నాన్నగారికి జ్వరం లేనప్పుడు, ఈ పరీక్షలు అయ్యాక, చూసే డాక్టరును అడిగి వేయించండి. పనిచేయడానికి రెండు వారాలు పడుతుంది, ఏటా వేయించుకోవాలి. కిడ్నీ, గుండె, ఊపిరితిత్తుల జబ్బు ఏది తేలినా న్యుమోనియా టీకా గురించి కూడా అడగండి. అయితే ఫ్లూ టీకా ఫ్లూను అడ్డుకోవడానికి మాత్రమే. మామూలు జలుబును ఆపదు, మీ నాన్నగారి ఇప్పటి దగ్గుకు అది మందూ కాదు.