నికరావోలు అజ్‌టెక్‌లేనా? వాళ్ళవి ఇవాళ ఏం మిగిలాయి?

మీరడిగినవి మూడు. మధ్య అమెరికాలోని నికరాగ్వాలో స్పానిష్ వాళ్ళు రాకముందు నుంచీ ఉన్న నికరావోలు మెక్సికోను ఏలిన అజ్‌టెక్‌ల శాఖేనా? ఒమెతెపె దీవిలో చూపించే రాతి విగ్రహాలు వాళ్ళవేనా? వాళ్ళవంటూ ఇప్పుడు ఏమైనా మిగిలాయా? మొదటి రెండిటికీ కాదనే చెప్పాలి. మూడోదానికొస్తే, మిగిలినవి చాలానే ఉన్నాయి, కాకపోతే గైడ్లు తీసుకెళ్ళే చోట్ల ఉండవు.

నికరావోలు అజ్‌టెక్‌లకు దాయాదులే తప్ప సంతానం కాదు. అజ్‌టెక్‌ల రాజధాని తెనోచ్‌తిత్లాన్ పుట్టిందే 1325 ప్రాంతంలో. అప్పటికే వీళ్ళ పూర్వీకులు మధ్య మెక్సికో విడిచి దక్షిణానికి వచ్చేశారని ఎక్కువమంది చరిత్రకారుల లెక్క. అజ్‌టెక్ సామ్రాజ్యం నికరాగ్వా దాకా ఎన్నడూ పాకలేదు. భాషలు మాత్రం దగ్గరివి. దేవుణ్ణి అజ్‌టెక్‌లు 'తెయోత్ల్' అంటే, వీళ్ళు చివరి 'ల్' వదిలేసి 'తెయోత్' అనేవారు. ఎల్ సాల్వడోర్‌లోని పిపిల్‌లదీ ఇదే తీరు, బంధుత్వంలో వాళ్ళే వీళ్ళకు అందరికంటే దగ్గర.

వలస కథ మనకు ముఖ్యంగా తోర్కెమాదా అనే ఫ్రాన్సిస్కన్ సన్యాసి 1615లో అచ్చు వేయించిన చరిత్ర ద్వారా తెలుసు. చియాపాస్ తీరంలోని సొకొనుస్కోలో ఉండగా ఓల్మెకులు అనేవాళ్ళ పన్నులు, వెట్టి భరించలేక బయల్దేరారట. రెండు గుండ్రటి కొండలున్న దీవి ఎదురుగా కనిపించే మంచినీటి సముద్రం దగ్గర స్థిరపడతారని పెద్దలు ముందే చెప్పారట. ఆ సముద్రం కోసిబోల్కా, అంటే నికరాగ్వా సరస్సు, ఆ కొండలు ఒమెతెపె దీవి మీది కొన్సెప్సియోన్, మదేరాస్ అగ్నిపర్వతాలు. అక్కడప్పటికే చొరొతేగాలు అనే మరో జాతి వాళ్ళు ఉన్నారు. సామాన్లు మోయడానికి మనుషులు కావాలని వాళ్ళను అడిగి, వచ్చిన కూలీలను రాత్రి నిద్రలో చంపి, వెనక్కి తిరిగి ఊరు పట్టుకున్నారని కథ. స్పానిష్ వాళ్ళు వచ్చాక దాదాపు తొంభై ఏళ్ళకు మెక్సికోలో కూర్చుని రాసిన మాట ఇది. జోస్యం సరిగ్గా ఆ దీవికే సరిపోవడం చూస్తే, గమ్యం చేరాక అల్లుకున్న కథేమో అని నా అనుమానం.

ఇక తవ్వకాలు ఈ కథకు ఇంకో చిక్కు తెచ్చిపెట్టాయి. రివాస్ దగ్గర సరస్సు ఒడ్డున సాంతా ఇసబెల్ అనే చోటు ఉంది. నికరావోల ప్రధాన పట్నం క్వాఉకపొల్కా అదేనని చాలాకాలం అనుకున్నారు. 2000 తర్వాత కాల్గరీ విశ్వవిద్యాలయం తరఫున జెఫ్రీ మెక్‌కాఫర్టీ బృందం అక్కడ తవ్వింది. రేడియోకార్బన్ తేదీలు సుమారు 800కీ 1300కీ మధ్యే తేలాయి. అంటే స్పానిష్ వాళ్ళు వచ్చిన 1523 నాటి పట్నం అది కాదు. పైగా మెక్సికో నుంచి వచ్చినవాళ్ళ ఇంట తప్పక ఉండాల్సిన కొమాల్, అంటే మొక్కజొన్న రొట్టె కాల్చే మట్టి పెనం, అక్కడ కనిపించలేదు. చేపలు, జింక మాంసం, రకరకాల కుండలు ఉన్నాయి, రొట్టె పెనం లేదు. దీన్ని బట్టి వలసే అబద్ధమని కొందరు తేల్చేస్తారు, అది తొందరపాటు. ఆ పొరలు నికరావోల రాకకు ముందువి కావచ్చు. లేదా వచ్చినవాళ్ళు తక్కువమందై, స్థానిక ఆడవాళ్ళను పెళ్ళాడి వాళ్ళ వంటకే అలవాటు పడి ఉండొచ్చు. మొక్కజొన్నను పొట్లాల్లో ఉడికించి, గంజిగా కలుపుకుని తాగేవాళ్ళకు పెనంతో పనేముంది?

నికరావోల నోటి నుంచే వచ్చిన సాక్ష్యం ఒక్కటే ఉంది. 1528లో ఫ్రాన్సిస్కో దె బొబదియ్యా అనే మెర్సిడేరియన్ సన్యాసి పెద్దలను, పూజారులను పిలిచి దుబాసీల ద్వారా ప్రశ్నించాడు. అప్పుడు నికరాగ్వాలోనే ఉన్న స్పానిష్ చరిత్రకారుడు ఒవియెదో ఆ ప్రశ్నోత్తరాలను తన చరిత్రలో 42వ భాగంలో చేర్చాడు. లోకాన్ని చేసింది తమగస్తాద్, సిపత్తొవాల్ అని, వాన దేవుడు కియాతెయోత్ అని, వర్తకానికి మిస్కోవా ఉన్నాడని వాళ్ళు చెప్పారు. చనిపోతే గుండె పైకి పోతుందా అని అడిగితే, పోయేది గుండె కాదు, మనిషిని బతికించి ఉంచేది ఒకటుంది, దాని పేరు 'యులియో', అది నోట్లోంచి బయటికి వెళ్తుంది అన్నారు. చేసిన తప్పులు చెప్పుకోవడానికి వాళ్ళకో ముసలాయన ఉండేవాడు. ఆయన పూజారి కాడు. ఆయన చెప్పే ప్రాయశ్చిత్తం గుడికి కట్టెలు మోయడం, ఊడవడం లాంటిది. చదివేటప్పుడు ఒకటి చూసుకోండి: జలప్రళయం, స్వర్గం, పాపం లాంటి ప్రశ్నలన్నీ క్రైస్తవుడి చట్రంలో అడిగినవి. ఒకరికొకరు పొంతన లేకుండా చెప్పిన జవాబులనే నేనెక్కువ నమ్ముతాను, ఎందుకంటే అవి ఎవరూ సరిదిద్దనివి.

1523 నాటి ముఖాముఖి గురించి నెట్‌లో తప్పులు ఎక్కువ. హిల్ గొంసాలెస్ దావిలా అనే స్పానిష్ దండనాయకుడు సుమారు వందమంది మనుషులతో, నాలుగు గుర్రాలతో పనామా వైపు నుంచి వచ్చాడు. ఇక్కడి నాయకుడు 18,506 పెసోల బంగారం ఇచ్చాడని, 9,017 మంది బాప్తిస్మం తీసుకున్నారని స్పానిష్ లెక్కలు చెబుతాయి. ఆ నాయకుణ్ణి పాత రాతల్లో దేశం పేరుతోనే పిలిచారు, అందుకే 'నికరావో రాజు' అని స్థిరపడిపోయింది. ఇప్పటి నికరాగ్వా చరిత్రకారులు మకుయిల్‌మికిస్త్లి అంటున్నారు. ఆయన అడిగిన ప్రశ్నలు ప్రసిద్ధం. సూర్యచంద్రుల వెలుగు ఎప్పుడు ఆరిపోతుంది, ఇంత కొద్దిమందికి అంత బంగారం ఎందుకు? ఆయుధాలూ నాట్యాలూ మాత్రం వదిలిపెట్టేది లేదని తేల్చి చెప్పాడు. ఏప్రిల్ 17న స్పానిష్ వాళ్ళ మీద పడిన దిరియాంగేన్ చొరొతేగా నాయకుడు, నికరావో కాడు. ఈ ఇద్దరినీ 'వీరుడు, లొంగిపోయినవాడు' అని జంటగా చెప్పే అలవాటుంది. కానీ వెనుదిరిగిన స్పానిష్ దండు మీద నికరావోలూ దాడి చేశారు.

ఆ తర్వాతి ఇరవై ఏళ్ళలోనే అంతా కూలిపోయింది. 1520ల చివరి నుంచి ఓడల కొద్దీ మనుషులను బానిసలుగా పనామాకు, పెరూకు తరలించారు. ఈ దారుణాల గురించి రాసిన స్పానిష్ సన్యాసి లాస్ కాసాస్ ఐదు లక్షల పైమాట అన్నాడు. ఇప్పటి పరిశోధకుల్లో కొందరు దానికి దగ్గరగానే లెక్క కడితే, ఓడల సంఖ్య బట్టి అంత సాధ్యం కాదని మరికొందరు వాదిస్తారు. ఇవి పసిఫిక్ తీరం మొత్తానికి వేసిన అంకెలు, నికరావోలకు మాత్రమే అంటగట్టకండి. దానికి తోడు కొత్త రోగాలు, పంటలేసే చేతుల్లేక కరువు. 1542 చట్టాలు బానిసత్వాన్ని నిషేధించేసరికి తీసుకెళ్ళడానికి మనుషులే పెద్దగా మిగల్లేదు.

విగ్రహాల సంగతి. ఒమెతెపెలో ఆల్తగ్రాసియా చర్చి పక్కన ఉన్నవీ, జపతేరా దీవి నుంచి తెచ్చి గ్రనాదాలో సాన్ ఫ్రాన్సిస్కో మఠంలో పెట్టినవీ నికరావోల రాకకు ముందువని ఎక్కువమంది పరిశోధకుల అభిప్రాయం. మదేరాస్ వాలు మీది రాతి చెక్కడాల్లోనూ చాలా భాగం అంతకంటే పాతవే. నికరావోల కాలానికి దగ్గరగా రావాలంటే కుండలు చూడండి. సుమారు 1200 నుంచి వచ్చే వయ్యేహో రకం మీద తెల్లటి పూత, బూడిద-నీలి రంగు, ఈకల పాము బొమ్మ ఉంటాయి. స్పానిష్ వాళ్ళ రాక దాకా సాగిన లూనా రకం మీద సన్నటి గీతల బొమ్మలు ఉంటాయి. వాటితో పాటు ఎముకలు పాతిపెట్టిన, బూటు ఆకారంలో ఒక పక్కకు సాగిన కుండలు. ఇవి దీవి మీది ఎల్ సేయిబో మ్యూజియంలో, రివాస్ మ్యూజియంలో ఉన్నాయి. ఎవరైనా 'పాత ముక్క' అని అమ్మజూపితే కొనకండి, అలాంటివి దేశం దాటించడం నేరం.

ఇక మిగిలినది. మొదటిది కోకో. రివాస్ ప్రాంతంలో కోకో తోటలు నికరావోల చేతిలోనే ఉండేవి, గింజలే డబ్బు. ఒవియెదో రాసిన ధరలు: కుందేలు పది గింజలు, బానిస వంద, నాలుగు గింజలకు ఎనిమిది మునొన్‌జపోత్ పళ్ళు. ఈ పండు మనం తినే సపోటానే. దొంగ గింజలూ ఉండేవి: తొక్క చెడకుండా పప్పు తీసేసి మట్టి కూరేవారు. అందుకే తీసుకునేవాళ్ళు ఒక్కొక్క గింజనూ వేలితో నొక్కి చూసి లెక్కపెట్టేవారు. సంతలో అమ్మకం ఆడవాళ్ళదే, సొంత ఊరి సంతలోకి మగవాళ్ళు అడుగు పెట్టకూడదు. కోకో మొక్కకు నీడ కోసం పక్కన మరో చెట్టు వేసేవారని, దాని కలప ఇళ్ళకు పుచ్చకుండా నిలుస్తుందని కూడా ఆయనే రాశాడు. దాన్ని ఇప్పుడు గ్లిరిసిడియాగా గుర్తిస్తున్నారు. మన దగ్గర పచ్చిరొట్ట కోసం గట్ల మీద వేసే గ్లిరిసిడియా అదే.

ఆ గింజల పానీయం ఇవాళ పినొలియో. ఇంట్లో చేసుకోవచ్చు, కోకో ఏలూరు వైపు రైతుల దగ్గర దొరుకుతుంది. ఎండిన మామూలు మొక్కజొన్న కిలో, పులియబెట్టి ఎండబెట్టిన కోకో గింజలు పావుకిలో, చిన్న దాల్చినచెక్క ముక్క. స్వీట్‌కార్న్ వద్దు, అందులోని చక్కెర ముందే మాడుతుంది. పాప్‌కార్న్ రకమూ వద్దు, పేలిపోతుంది. మొక్కజొన్నను సన్నసెగ మీద కలుపుతూ లేత గోధుమ రంగు వచ్చేదాకా ఇరవై నిమిషాల పైన వేయించండి. సెగ పెంచితే పైన రంగు వస్తుంది, లోపల పచ్చిగా ఉండి కలిపాక పిండి వాసన కొడుతుంది. కోకోను విడిగా, తొక్క చిట్లేదాకా వేయించి, వెచ్చగా ఉండగానే తొక్క తీయండి, చల్లారితే గోరు దిగదు. రెండూ పూర్తిగా చల్లారాక కలిపి మరాడించండి. కోకో ఒక్కదాన్నే మరలో పోస్తే నూనె దిగి పళ్ళకు పట్టేస్తుంది, మొక్కజొన్నతో కలిస్తే ఆ నూనెను పిండి పీల్చుకుంటుంది. మొదటిసారి రవ్వగానే వస్తుంది, రెండోసారి ఆడించాలి. గ్లాసు చల్లటి నీళ్ళకు లేదా పాలకు రెండు చెంచాలు, పంచదార ఇష్టం. ఎంత మెత్తగా ఆడించినా అడుగున మడ్డి దిగుతుంది. నికరాగ్వాలో దాన్ని చింగస్తె అంటారు, గుక్కగుక్కకూ గ్లాసు తిప్పి దాన్నీ తాగేస్తారు. డబ్బా గట్టిగా మూసి పెట్టండి, నెల దాటితే కోకో నూనె కమరు వాసన వస్తుంది. ఇందులో జాఫ్రా గింజల రంగు కలిపితే తిస్తె అనే మరో పానీయం దగ్గరికి వస్తుంది. తాగినవాళ్ళ మూతి రక్తం తాగినట్టు ఎర్రగా ఉండేదని ఒవియెదో ఏవగించుకున్నది ఈ రంగు చూసే. దాల్చినచెక్క, పంచదార, పాలు స్పానిష్ వాళ్ళతో వచ్చినవి. తాగే పాత్ర హీకర చెట్టు కాయ డొప్ప. అడుగు గుండ్రంగా ఉంటుంది, కింద చుట్టకుదురు లేకపోతే నిలబడదు.

నికరావోల నవాత్ భాష 19వ శతాబ్దం దాటలేదు. తాడు, చాప, గడ్డి, పెనం లాంటివాటికి నికరాగ్వా స్పానిష్‌లో దాని మాటలే వాడతారు. జనవరిలో దిరియాంబాలో ఆడే గ్వెగ్వెన్సె నాటకంలో స్పానిష్, నవాత్ కలగలిసి ఉంటాయి. 2005లో యునెస్కో దాన్ని గుర్తించింది. అది నికరావోల నాటకమని రాసేస్తుంటారు. దిరియాంబా చొరొతేగా సీమ, నవాత్ ఆ రోజుల్లో అందరికీ ఉమ్మడి వ్యవహార భాష.

మనుషులూ ఉన్నారు. 2005 జనాభా లెక్కల్లో 11 వేలమందికి పైగా తమను నహోవా-నికరావోలుగా చెప్పుకున్నారు. రివాస్ జిల్లాలో సలీనాస్ దె నవాలపా, నన్సిమీ, వెరాక్రూస్ దెల్ జపొతాల్, ఒమెతెపెలో ఉర్బైతె-లాస్ పిలాస్ సముదాయాలు వాళ్ళవి. వాళ్ళ పేచీ భూమితోనే. 1987 స్వయంపాలన చట్టం, ఉమ్మడి భూములకు హద్దులేసి పట్టాలిచ్చే 2003 నాటి 445వ చట్టం ప్రధానంగా కరీబియన్ వైపు ప్రజలకు వర్తిస్తాయి, పసిఫిక్ వైపు సముదాయాలకు కాదు. దాంతో స్పానిష్ పాలన కాలపు పాత పత్రాలు పట్టుకుని కోర్టుల చుట్టూ తిరగాల్సి వస్తోంది. రివాస్ జిల్లాలోని తోలా తీరంలో రిసార్టులు పెరిగి భూమి ధర ఎక్కేకొద్దీ ఆ ఒత్తిడి ఎక్కువైంది. ఈ ఊళ్ళకు వెళ్ళాలనుకుంటే ముందు సముదాయ పెద్దల మండలితో మాట్లాడండి. కెమెరాతో నేరుగా దిగితే భూమి కొనడానికి వచ్చినవాళ్ళనుకుంటారు.

దారి: రివాస్ మ్యూజియం, తర్వాత సాన్ హోర్హెలో 1523 కలయిక గుర్తుగా కట్టిన స్పెయిన్ శిలువ, అక్కడి రేవు నుంచే ఒమెతెపెలోని మొయొగాల్పాకు ఫెర్రీ, గంట ప్రయాణం. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా గాలులకు సరస్సు సముద్రంలా లేస్తుంది, పడవలు ఆగిపోతుంటాయి. ఆ నెలల్లో వెళ్తే చిన్న లాంచీ ఎక్కకండి, తిరుగు విమానానికి ఒక రోజు ఖాళీ ఉంచుకోండి.