వేరుపురుగును వేపచెట్టు దగ్గరే పట్టాలి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

ఉద్యోగం మానుకుని ఈ ఏడు వేరుశనగ వేస్తున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. చాలా సంతోషించాను. వానల గురించి, ధరల గురించి నీకు చెప్పేవాళ్ళు ఊరినిండా ఉన్నారు. నేను వేరుపురుగు గురించి చెబుతాను. మీది ఎర్ర గరప నేల, గట్టు పొడవునా వేపచెట్లు. మన అనంతపురం వైపు ఆ పురుగుకు కావలసినవి ఆ రెండే.

నేను దెబ్బతిన్నది తెలియకనే. పుబ్బ కార్తెలో, ఊడలు దిగి కాయ పట్టే వేళ, చేనులో అక్కడక్కడ మొక్కలు తలలు వాల్చాయి. వేరుకుళ్ళు అనుకుని మందుల దుకాణానికి పరుగెత్తాను. వాళ్ళూ చేను చూడకుండా తెగులు మందే ఇచ్చారు. రెండుసార్లు పోసినా మొక్కలు ఎండుతూనే ఉన్నాయి. చివరికి ఒక మొక్కను పట్టి లాగితే ఏ బిగువూ లేకుండా చేతికి వచ్చేసింది. తల్లివేరు లేదు, కొరికేసి ఉంది. జానెడు లోతు తవ్వితే కొడవలిలా ముడుచుకున్న తెల్లటి పురుగు, గోధుమరంగు తల, తోక వైపు చర్మం లోంచి నల్లగా కనిపిస్తున్న మట్టి. ఆ సాలులో మొక్క తరువాత మొక్క అదే తీరు. అందుకే చెబుతున్నాను, మందు కొనేముందు మొక్కను పీకి చూడు. కుళ్ళయితే వేరు నల్లబడి చీకిపోతుంది. పురుగయితే అసలు వేరు ఉండదు.

అయితే అప్పటికి చేయగలిగింది చాలా తక్కువ. పురుగు బాగా ఎదిగి లోపల ఉంటుంది, పైన పోసిన మందు దాన్ని చేరదు. దాని పని పట్టవలసింది అంతకు దాదాపు మూడు నెలల ముందు. ఈ వేరుపురుగే ఎదిగి పెంకుపురుగు అవుతుంది. ఎండాకాలమంతా అది మట్టిలో కదలకుండా పడి ఉంటుంది. రోహిణిలోనో మృగశిరలోనో నేల తడిసేంత వాన పడితే, ఆ సాయంత్రం చీకటి పడుతుండగా బయటికి వస్తుంది. నేరుగా వేప, రేగు, తుమ్మ చెట్ల మీదికి పోయి, జతకట్టి, ఆకు తిని, తెల్లవారకముందే మళ్ళీ మట్టిలో దూరుతుంది. గుడ్లు పెట్టేది అక్కడే. ఏడాదికి ఒకే తరం కాబట్టి ఆ రాత్రుల్లో చేతికి చిక్కిన ప్రతి ఆడపురుగూ పదులకొద్దీ వేరుపురుగుల లెక్క.

రాత్రి ఎనిమిదికి వేపచెట్టు కింద నిలబడి చెవి పెట్టు. గాలి లేకపోయినా ఆకుల్లో చిటపటమని సన్నటి చప్పుడు వినిపిస్తుంది. కింద పరదా పరిచి కొమ్మలు గట్టిగా ఊపితే గోధుమరంగు పురుగులు జలజలా రాలతాయి. ఏరి కిరోసిన్ కలిపిన నీళ్ళలో వేయాలి. వానపడిన తరువాత నాలుగైదు రాత్రులు వదలకుండా చేయి. చెట్టుకు మందు కొట్టడం నాకు ఇష్టం లేదు, ఆ రొట్ట మేకలు తింటాయి. ఇంకొకటి, నీ ఒక్కడి గట్టు మీద చేస్తే సరిపోదు. పురుగుకు సరిహద్దు రాళ్ళు తెలియవు. పక్క పొలాల వాళ్ళను ముందే కలుపుకో, మొహమాటపడకు.

కాయ పీకగానే ఒకసారి, వేసవి జల్లులకు మరోసారి లోతుగా దున్నించు. నాగలి వెనకే కొంగలూ గోరింకలూ దిగి తమ పని చేస్తాయి. విత్తేముందు కిలో గింజలకు 2 మిల్లీలీటర్ల ఇమిడాక్లోప్రిడ్ 600 ఎఫ్.ఎస్. అనే పురుగుమందు పట్టించి నీడలో ఆరబెట్టు. చేతికి తొడుగులు వేసుకో. మిగిలిన గింజను కోళ్ళకు అందనివ్వకు. మెటారైజియం అని, పురుగును చంపే బూజు ఒకటి ఉంది, అది కూడా మంచిదే. మాగిన ఎరువులో కలిపి, నేలలో తడి ఉన్నప్పుడే చల్లాలి. అది పట్టిన పురుగు చచ్చి పచ్చటి బూజు కమ్ముతుంది. పొడి నేలలో మాత్రం డబ్బు దండగ.

వచ్చే ఏడు జొన్నో సజ్జో వేస్తే పీడ పోతుందనుకోకు, వాటి వేర్లనూ తింటుంది. పేడదిబ్బలో కనిపించే బొద్దు పురుగులను చూసి కంగారుపడకు. వాటిలో ఎక్కువ కొమ్ముపురుగు పిల్లలే, కుళ్ళినదే తింటాయి. అయినా మాగని ఎరువు చేనుకు తోలకు.

వాన పడిన రోజే ఫోను చెయ్యి, మరునాటికి వాయిదా వేయకు. సాయంత్రం బస్సుకు వస్తాను. పాత పరదాలు రెండున్నాయి, తెస్తాను.

మీ మామయ్య